ఇంటికీ సైట్‌కీ ఏ ఎయిర్ కంప్రెషర్ తీసుకోవాలి? హెచ్‌పీ పక్కన పెట్టి గాలి లెక్క చూద్దాం

సికింద్రాబాద్ రాణిగంజ్‌లో గానీ విజయవాడ ఆటోనగర్‌లో గానీ షాపుకెళ్ళి కంప్రెషర్ కావాలంటే మొదట వచ్చే ప్రశ్న "ఎన్ని హెచ్‌పీ సార్", రెండోది "ట్యాంక్ ఎన్ని లీటర్లు". మనం కూడా అదే లెక్కలో ఆలోచించి, మన బడ్జెట్‌లో ఏది పెద్దగా కనపడితే అది బేరమాడి తెచ్చేసుకుంటాం. తీరా సైట్‌లో పెట్టాక పిన్ గన్ బానే కొడుతుంది, స్ప్రే గన్ తగిలిస్తే మాత్రం రెండు నిమిషాలకే గాలి పడిపోతుంది, లేదంటే మోటర్ మూలుగుతుంది తప్ప తిరగదు. అప్పుడు డూప్లికేట్ మెషిన్ అంటగట్టారని షాపువాణ్ణి తిట్టుకుంటాం. చాలాసార్లు మెషిన్ మంచిదే, కొనేటప్పుడు వేసుకున్న లెక్కే తేడా. అసలు అడగాల్సింది ఒకటే: నా టూల్ పనిచేసే ప్రెషర్ దగ్గర ఈ మెషిన్ నిమిషానికి ఎంత గాలి ఇస్తుంది? మిగతావన్నీ, అంటే హెచ్‌పీ, లీటర్లు, మ్యాగ్జిమం బార్, అన్నీ దాని తర్వాతే.

ఊళ్ళల్లో కంప్రెషర్ అంటే చాలామందికి ట్రాక్టర్‌కి బిగించుకుని బావుల్లో రాయి తొలిచే బండి గుర్తొస్తుంది, అది వేరే సంగతి. ఇక్కడ మాట్లాడేది మామూలు కరెంటు ప్లగ్‌కి పెట్టుకుని ఒకళ్ళో ఇద్దరో ఎత్తుకెళ్ళగలిగే మెషిన్ల గురించి, ఇంట్లో బండి టైర్లకి, కార్పెంటర్ పిన్ గన్‌కి, చెక్క సామాను మీద డ్యూకో రంగో పీయూ పాలిషో స్ప్రే కొట్టేవాళ్ళకి పనికొచ్చేవి.

ముందు ప్రెషర్ వేరు, గాలి వేరు అనేది బుర్రలోకి ఎక్కాలి, సగం గందరగోళం ఇక్కడే ఉంది. సన్న టైర్ల రేసింగ్ సైకిల్ చూడండి, దానికి 100 పీఎస్ఐ దాకా గాలి కొడతారు, అయినా చేతి పంపుతో అయిపోతుంది, ఎందుకంటే ఆ ట్యూబులో పట్టే చోటు రెండు లీటర్లు కూడా ఉండదు. ట్రాక్టర్ వెనక టైరుకి కావాల్సింది 12 నుంచి 16 పీఎస్ఐ మాత్రమే, కారు టైరు కంటే తక్కువ, కానీ లోపల చోటు రెండొందల లీటర్ల దాకా ఉంటుంది. పూర్తిగా దిగిపోయిన ఆ టైరుని 14 పీఎస్ఐకి తేవాలంటే బయట నుంచి సుమారు రెండొందల లీటర్ల గాలి లోపలికి తోయాలి. నిమిషానికి ఇరవై లీటర్లు ఇచ్చే చిన్న ఇన్‌ఫ్లేటర్‌తో అది పది నిమిషాల పని, ఆపకుండా నడిపితే ఈలోపే ఇన్‌ఫ్లేటర్ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతుంది. దాని డబ్బా మీద 150 పీఎస్ఐ అని రాసుండొచ్చు, ఆ నంబరు ఇక్కడ దేనికీ అక్కరకి రాదు.

కొలతలు ఒక్కసారి చెప్పుకుని వదిలేద్దాం. 1 బార్ అంటే 14.5 పీఎస్ఐ, మన దగ్గర "ఇన్ని కేజీల గాలి" అంటారే ఆ కేజీ కూడా దాదాపు అంతే. ఎంత గాలి వస్తుందనేది సీఎఫ్ఎంలో రాస్తారు, 1 సీఎఫ్ఎం అంటే నిమిషానికి 28 లీటర్లు. కొన్ని కంపెనీలు నేరుగా లీటర్ పర్ మినిట్ అని రాస్తాయి, దాన్ని 28తో భాగిస్తే సీఎఫ్ఎం వచ్చేస్తుంది.

ఇప్పుడు అసలు మెలిక. మెషిన్ మీద స్టిక్కర్‌లో 7 సీఎఫ్ఎం అని ఉంటుంది అనుకోండి, అది చాలాసార్లు పిస్టన్ డిస్‌ప్లేస్‌మెంట్, అంటే సిలిండర్ సైజుని ఆర్‌పీఎంతో గుణించి కాగితం మీద తీసిన లెక్క. నిజంగా పైపు చివర బయటికొచ్చే గాలిని ఎఫ్ఏడీ అంటారు, ఫ్రీ ఎయిర్ డెలివరీ, అది చిన్న మెషిన్లలో ఈ లెక్కలో మూడింట రెండొంతులు ఉంటే మంచిదే అనుకోవాలి. ఇంకో మెలిక ఏంటంటే ప్రెషర్ పెరిగేకొద్దీ వచ్చే గాలి తగ్గిపోతుంది. ఖాళీ ట్యాంక్‌లోకి, అంటే ఎదురు ఏమీ లేనప్పుడు, నిమిషానికి 120 లీటర్లు ఇచ్చే చిన్న ఆయిల్-ఫ్రీ, అంటే నూనె పొయ్యక్కర్లేని మెషిన్ 7 బార్ దగ్గరికొచ్చేసరికి అందులో సగమే ఇవ్వొచ్చు. కేటలాగ్‌లో మాత్రం ఆ 120 నే పెద్ద అక్షరాల్లో వేస్తారు. అందుకే సీఎఫ్ఎం చెప్పగానే "ఎంత ప్రెషర్ దగ్గర?" అని వెంటనే అడగండి, దానికి జవాబు రాకపోతే ఆ నంబరు లెక్కలోకి తీసుకోవద్దు.

జవాబు రాకపోయినా ఫరవాలేదు, షాపులోనే మనం కొలుచుకోవచ్చు, దీనికి ఫోన్‌లో స్టాప్‌వాచ్ ఉంటే చాలు. మెషిన్ ఆన్ చేయించి, బయటికెళ్ళే వాల్వ్ మూసేసి, గేజ్ ముల్లు 5 బార్ దాటగానే టైమ్ మొదలుపెట్టి 7 బార్ దగ్గర ఆపండి. ట్యాంక్ లీటర్లని పెరిగిన బార్‌తో గుణించి, పట్టిన నిమిషాలతో భాగిస్తే నిమిషానికి ఎన్ని లీటర్లు ఇస్తుందో వచ్చేస్తుంది. 24 లీటర్ల ట్యాంక్, 5 నుంచి 7కి వెళ్ళడానికి 45 సెకన్లు పట్టింది అనుకోండి: 24 ఇంటూ 2 అంటే 48 లీటర్లు, ముప్పావు నిమిషంలో, అంటే నిమిషానికి 64 లీటర్లు, సుమారు 2.3 సీఎఫ్ఎం. స్టిక్కర్ మీద 4 ఉన్నా 5 ఉన్నా మీకు పనికొచ్చే గాలి ఇంతే. మెషిన్ వేడెక్కాక కొలిస్తే ఇంకా నమ్మకంగా ఉంటుంది, చల్లగా ఉన్నప్పుడు ఏ మెషినైనా కాస్త బానే పరిగెడుతుంది. ఈ పరీక్ష చెయ్యనివ్వని షాపులో నేనైతే కొనను.

సరే, మెషిన్ ఎంత ఇస్తుందో తెలిసింది, మరి మన టూల్‌కి ఎంత కావాలి?

కార్పెంటర్లు బీడింగులకీ ప్లైవుడ్‌కీ వాడే ఎఫ్ 30 పిన్ గన్‌కి గాలి చాలా తక్కువ పడుతుంది, ఒక్కో దెబ్బకి అర లీటరు లోపే. 24 లీటర్ల ట్యాంక్ 8 బార్‌కి నిండి ఉంటే, 5 బార్‌కి దిగేదాకా అందులోంచి 72 లీటర్ల గాలి వాడుకోవచ్చు, అంటే మోటర్ మళ్ళీ తిరగకుండానే వంద పిన్నులకు పైన. ఇంటీరియర్ పనికి చిన్న ఆయిల్-ఫ్రీ మెషిన్ చాలడం ఇందుకే, పెద్దది కొంటే మోసే బరువు తప్ప ఏమీ మిగలదు. కాంక్రీట్‌లోకి స్టీల్ మేకులు దించే గన్‌కి ఒక్కో దెబ్బకి దీనికి ఎన్నో రెట్లు గాలి కావాలి, అయినా అది కూడా దెబ్బకీ దెబ్బకీ మధ్య గ్యాప్ ఉండే పనే కాబట్టి 50 లీటర్ల ట్యాంక్ ఉన్న మామూలు మెషిన్‌తో నెట్టుకురావచ్చు.

స్ప్రే గన్ దగ్గరే అందరూ దెబ్బతినేది. పైన కప్పు ఉండి 1.3 లేదా 1.4 ఎంఎం నాజిల్ ఉన్న మామూలు గన్ నిమిషానికి 200 నుంచి 300 లీటర్లు తాగుతుంది, అంటే 7 నుంచి 10 సీఎఫ్ఎం, అదీ ట్రిగ్గర్ నొక్కినంతసేపూ ఆగకుండా. హెచ్‌వీఎల్‌పీ గన్‌కి, అంటే తక్కువ ప్రెషర్‌తో ఎక్కువ గాలి ఊదే రకానికి, ఇంకా ఎక్కువ కావాలి. ఆ గన్‌కి ప్రెషర్ 2, 2.5 బార్ చాలు కదా, నా మెషిన్ 8 బార్ ఇస్తుంది కదా అనుకుంటే తప్పు, అది సైకిల్ టైరు, ట్రాక్టర్ టైరు తేడానే మళ్ళీ. అదే 0.8 ఎంఎం నాజిల్ ఉన్న చిన్న గన్ అయితే 2 నుంచి 4 సీఎఫ్ఎంలో నడుస్తుంది, ఒక కుర్చీకో కిటికీ ఫ్రేముకో రంగు వేసుకునేవాళ్ళు మెషిన్ పెద్దది కొనే బదులు గన్ చిన్నది కొనుక్కోవడం తెలివైన పని.

ఇంటి గోడలకి ఎమల్షన్ కొట్టడానికి కంప్రెషర్ కొందామనుకునేవాళ్ళకి ఒక మాట, అది దీని పని కాదు. గోడల పెయింట్ చిక్కన, దానికి ఎయిర్‌లెస్ స్ప్రేయర్ అని వేరే మెషిన్ ఉంది, అది గాలితో పనిలేకుండా పెయింట్‌నే పంపుతో నేరుగా తోస్తుంది. కంప్రెషర్‌తో కొట్టాలంటే పెయింట్‌ని నీళ్ళలా పలచన చెయ్యాలి, అప్పుడు రెండుసార్లు వేస్తే అవ్వాల్సింది నాలుగుసార్లు వేసినా కవర్ అవ్వదు, పైగా ఇల్లంతా పొగ.

నట్లు విప్పే అర అంగుళం ఇంపాక్ట్ రెంచ్ మీద 4 లేదా 5 సీఎఫ్ఎం అని రాసి ఉంటుంది, చూసి ఇంతేనా అనుకుంటాం. అక్కడ యావరేజ్ అనే చిన్న మాట ఉంటుంది చూడండి, నిమిషంలో పావు వంతు సేపే ట్రిగ్గర్ నొక్కుతారనే లెక్క అది, ఆపకుండా నొక్కితే దానికి నాలుగు రెట్లు. ఇంట్లో కారుకి నాలుగు చక్రాలు విప్పి బిగించడానికి సరిపోతుంది, మెకానిక్ షెడ్‌కి సరిపోదు. గాలితో నడిచే శాండర్, గ్రైండర్ లాంటివి మాత్రం పోర్టబుల్ మెషిన్‌తో వద్దేవద్దు, వాటికి 10 సీఎఫ్ఎం పైన ఆగకుండా కావాలి, ఆ పనికి కరెంటుదో బ్యాటరీదో టూల్ కొనుక్కోండి. కంప్యూటర్లో దుమ్ము దులపడానికి, ఏసీ ఫిల్టర్లు ఊదడానికి కూడా చేతి బ్లోయర్ చాలు.

మరి ట్యాంక్ పెద్దదైతే గాలి ఎక్కువ రాదా అని అడుగుతారు. రాదు. ట్యాంక్ గాలిని తయారు చెయ్యదు, దాస్తుంది అంతే, జీతం పెరగకుండా బ్యాంకు ఖాతా మార్చుకున్నట్టు. లెక్కేసి చూద్దాం. 50 లీటర్ల ట్యాంక్, 8 బార్ నుంచి 5 బార్‌కి దిగేలోపు ఇచ్చేది 150 లీటర్లు. గన్‌కి 7 సీఎఫ్ఎం కావాలి, మెషిన్ నిజంగా ఇచ్చేది 4, అంటే నిమిషానికి 85 లీటర్ల లోటు. ఆ 150 లీటర్లు ఈ లోటుని ఒక నిమిషం ముప్పావు పాటు కప్పుతాయి. ఆ తర్వాత ముల్లు దిగుతూనే ఉంటుంది, మోటర్ మాత్రం ఆగకుండా తిరుగుతూనే ఉంటుంది. ట్యాంక్‌ని 100 లీటర్లు చేస్తే మూడున్నర నిమిషాలు వస్తాయి, అంతే. ఆగి ఆగి చేసే పనికి పెద్ద ట్యాంక్ బాగా కలిసొస్తుంది, ఆపకుండా చేసే పనికి ట్యాంక్ ఎంత పెద్దదైనా కాసేపు వాయిదా వెయ్యగలదు తప్ప లోటు తీర్చలేదు.

మోటర్ అలా ఆగకుండా తిరగడం కూడా ప్రమాదమే. చిన్న పిస్టన్ మెషిన్లు చాలావరకు పది నిమిషాల్లో ఐదారు నిమిషాలు తిరిగి మిగతాసేపు చల్లారేలా తయారు చేసినవి. పనికి కావాల్సిన దానికంటే మెషిన్ ఇచ్చే గాలి కాస్త ఎక్కువ ఉంటేనే ఆ విరామం దొరుకుతుంది. అందుకే టూల్‌కి ఎంత కావాలో దానికి మూడో వంతు కలుపుకుని మెషిన్ చూసుకోవాలి.

హెచ్‌పీ పూర్తిగా పనికిరాని నంబరేం కాదు, నిజమైన హెచ్‌పీ అయితే. ఆయిల్ పోసే మంచి పిస్టన్ మెషిన్ ఒక హెచ్‌పీకి 3 నుంచి 4 సీఎఫ్ఎం నిజమైన గాలి ఇస్తుంది. చిక్కల్లా స్టిక్కర్ మీద హెచ్‌పీతోనే, పీక్ హెచ్‌పీ పేరుతో ఒకటిని మూడు చేసి రాస్తారు. దీన్ని పట్టుకోవడం తేలిక. మోటర్ పక్కన రేకు మీదో స్టిక్కర్ మీదో ఆంపియర్లు ఉంటాయి, మన 230 వోల్టుల సింగిల్ ఫేజ్ మీద 1 హెచ్‌పీ మోటర్ ఫుల్ లోడ్‌లో సుమారు 5 ఆంపియర్లు లాగుతుంది. అట్టపెట్టె మీద 3 హెచ్‌పీ, రేకు మీద 5 ఆంపియర్లు ఉంటే అది 1 హెచ్‌పీ మెషినే. మోటర్ కాపర్ వైండింగా కాదా అనేది కూడా అడగండి, బిల్లు మీద రాయించుకోండి.

తర్వాత ఆయిల్ మెషినా, ఆయిల్-ఫ్రీనా. ఇది ఏది గొప్ప అనే ప్రశ్న కాదు, మెషిన్ ఎలా బతుకుతుందనే ప్రశ్న. ఆయిల్-ఫ్రీలో పిస్టన్ రింగు టెఫ్లాన్ లాంటి మెటీరియల్‌ది, నూనె అక్కర్లేదు, ఎలా పడేసి ఆటోలో తీసుకెళ్ళినా కారేది ఉండదు, పాలిష్ పనిలో గాలిలో నూనె చుక్క పడుతుందనే భయం ఉండదు. కానీ ఆ రింగు అరుగుతుంది, వేడి ఎక్కువైతే ఇంకా తొందరగా అరుగుతుంది, రోజూ గంటలకొద్దీ నడిపే పనికి అది నిలబడదు. ఆయిల్-ఫ్రీలో కూడా రెండు రకాలు. ఒకటి 2800 ఆర్‌పీఎంలో తిరిగేది, ఫ్లాట్లలో పెడితే పైనా కిందా అందరూ వచ్చి తలుపు కొట్టేంత మోత. రెండోది 1400 ఆర్‌పీఎంలో తిరిగే డెంటల్ రకం, నాయిస్‌లెస్ అని అమ్ముతారు, పూర్తి నిశ్శబ్దం కాదు గానీ పక్కన నిలబడి మాట్లాడుకోవచ్చు. జనం కాపురమున్న ఇళ్ళలో రినొవేషన్ పని చేసే కార్పెంటర్లకి నేను చెప్పేది ఈ రెండోదే.

ఆయిల్ మెషిన్ బరువు, కానీ గట్టిది, సరిగ్గా చూసుకుంటే ఏళ్ళకి ఏళ్ళు తిరుగుతుంది. బెల్ట్ మీద నడిచేదైతే పంపు ఇంకా నెమ్మదిగా తిరుగుతుంది కాబట్టి వేడీ మోతా రెండూ తక్కువ, గాలి ఎక్కువ, పంక్చర్ షాపుల్లో చూసేవి అవే. కోయంబత్తూరులో 1960లో మొదలైన ఎల్జీ ఎక్విప్‌మెంట్స్, టీవీల ఎల్జీ కాదు, అలాంటి మెషిన్లకి మన దగ్గర బాగా తెలిసిన పేరు. కాకపోతే 2 హెచ్‌పీ బెల్ట్ మెషిన్ ట్యాంకుతో కలిపి వంద కిలోల మాట, చక్రాలున్నంత మాత్రాన దాన్ని మూడో అంతస్తుకి ఎక్కించలేరు. ఇలాంటివాటిలో బైక్ ఇంజన్ ఆయిల్ పోసేవాళ్ళున్నారు, వద్దు. ఇంజన్ ఆయిల్‌లో మసిని కడగడానికి కలిపే డిటర్జెంట్ ఉంటుంది, అది కంప్రెషర్‌లో తేమతో కలిసి నురగ కడుతుంది, వాల్వుల మీద కార్బన్ పేరుస్తుంది. కంప్రెషర్ ఆయిల్ అని అడిగితే దొరుకుతుంది, నూనె మట్టం చూపించే గాజు కన్నులో ఎర్ర చుక్క దాకా పోస్తే సరిపోతుంది. ఆ గాజులో నూనె పాలలా తెల్లగా కనపడితే నీళ్ళు కలిశాయని అర్థం, వెంటనే మార్చెయ్యాలి. బండిలో పడుకోబెట్టి మాత్రం తీసుకెళ్ళొద్దు, నూనె సిలిండర్లోకి వెళ్ళిపోతుంది.

సైట్‌లో సగం కంప్రెషర్ కష్టాలు నిజానికి కరెంటు కష్టాలు, దీని గురించి షాపులో ఎవరూ చెప్పరు. 2 హెచ్‌పీ మోటర్ నడిచేటప్పుడు 10 ఆంపియర్లే, స్టార్ట్ అయ్యే ఆ ఒక్క క్షణం ఐదు రెట్లు లాగుతుంది, 50 ఆంపియర్ల దాకా. ఇప్పుడు గేటు దగ్గర మీటరు, పని రెండో ఫ్లోర్‌లో, మధ్యలో 30 మీటర్ల ఎక్స్‌టెన్షన్, అదీ 1 స్క్వేర్ ఎంఎం సన్న వైరు. పోనూ రానూ 60 మీటర్ల రాగి, దాని రెసిస్టెన్స్ ఒక ఓమ్ కంటే కొంచెం ఎక్కువ. అంటే స్టార్టింగ్‌లో ఆ వైరులోనే 50 వోల్టులకు పైగా పోతాయి. మోటర్ తిప్పే బలం వోల్టేజ్ వర్గంతో తగ్గుతుంది, 230 రావాల్సిన చోట 170 వస్తే బలం సగానికి పడిపోతుంది. పిస్టన్ ఎదురుగా ఉన్న గాలిని తోయలేక అక్కడే ఆగి మూలుగుతుంది, కాసేపు అలా వదిలేస్తే కెపాసిటరో వైండింగో పోతుంది. ఎండాకాలం సాయంత్రాలు అసలే లో వోల్టేజ్ ఉండే ఊళ్ళల్లో అయితే చెప్పక్కర్లేదు. అదే రెండున్నర ఎంఎం వైరు వేస్తే 50 పోయే చోట 20 పోతాయి.

వైరు పొడుగు పెంచకుండా గాలి పైపు పొడుగు పెంచండి, మెషిన్‌ని మీటరుకి దగ్గర్లోనే ఉంచి గాలిని పైకి తీసుకెళ్ళండి. 16 ఆంపియర్ల సాకెట్టే వాడండి, ఫోన్ ఛార్జర్ పెట్టుకునే 6 ఆంపియర్ల బోర్డులో 2 హెచ్‌పీ పెడితే ప్లగ్ కరిగిపోతుంది. ఇంటి ఇన్వర్టర్ మీద దీన్ని నడపాలని చూడొద్దు, జనరేటర్ అయితే 2 హెచ్‌పీకి 5 కేవీఏ పెట్టుకుంటే స్టార్టింగ్‌లో ఇబ్బంది ఉండదు.

మంచి వోల్టేజ్ ఉండి కూడా నిండిన ట్యాంక్‌తో మోటర్ మూలుగుతుంటే ఇంకోటి చూడాలి. మోటర్ ఆగినప్పుడల్లా ప్రెషర్ స్విచ్ దగ్గర టుస్సుమని గాలి వదలాలి, పిస్టన్ పైనున్న గాలిని ఖాళీ చేసి తర్వాతి స్టార్ట్‌ని తేలిక చేసే అన్‌లోడర్ అది. ఆ శబ్దం రాకపోతే అన్‌లోడర్ పోయింది, ఆగకుండా వస్తూనే ఉంటే ట్యాంక్ గాలి వెనక్కి రాకుండా ఆపే నాన్ రిటర్న్ వాల్వ్ లీకు. రెండూ చిన్న రిపేర్లే, వీటికే మోటర్ రీవైండింగ్ దాకా వెళ్ళినవాళ్ళు ఉన్నారు.

పైపు పొడుగు పెంచమన్నాను కదా, అందులోనూ లావు చూసుకోవాలి. బజార్లో రంగురంగుల పీయూ పైపు 8 ఎంఎం అంటే బయటి కొలత, లోపల రంధ్రం 5 ఎంఎమ్మే. పిన్ గన్‌కి అది చాలు. స్ప్రే గన్‌కి నిమిషానికి 200 లీటర్లు అందులోంచి పంపితే 15 మీటర్ల పైపులోనే 3 బార్ దాకా పోతుంది. అదే లోపల 8 ఎంఎం ఉన్న పైపు వేస్తే అర బార్ కూడా పోదు. కంప్రెషర్ వీక్ అని అమ్మేసినవాళ్ళలో పైపు మారిస్తే సరిపోయేవాళ్ళు ఎంతమందో. ప్రెషర్ ఎప్పుడూ గన్ పిడి దగ్గర చిన్న గేజ్ పెట్టి, ట్రిగ్గర్ నొక్కి ఉంచి చూడాలి, మెషిన్ దగ్గర ముల్లు చూసి మోసపోవద్దు. పీవీసీ నీళ్ళ పైపుతో గాలి లైను మాత్రం ఎప్పుడూ వెయ్యకండి, అది నీళ్ళకి లీకైనట్టు గాలికి లీక్ అవ్వదు, గాజులా ముక్కలై ఎగిరి గుచ్చుకుంటుంది.

నీళ్ళ సంగతి మన కోస్తా వాళ్ళు ప్రత్యేకంగా పట్టించుకోవాలి. వానాకాలం విశాఖలోనో కాకినాడలోనో 30 డిగ్రీల ఎండ, 80 శాతం తేమ అనుకుంటే ఒక ఘనపు మీటరు గాలిలో 24 గ్రాముల నీటి ఆవిరి ఉంటుంది. దాన్ని 7 బార్‌కి నొక్కి చల్లారిస్తే అందులో సుమారు 4 గ్రాములే ఆవిరిగా నిలుస్తుంది, మిగతా 20 గ్రాములు నీళ్ళుగా దిగాల్సిందే. 5 సీఎఫ్ఎం గాలి గంటసేపు వాడితే అలా దిగేది 150 మిల్లీలీటర్లకు పైనే, టీ గ్లాసు దాటి. అన్నీ ట్యాంక్‌లోనే దిగితే బాధ లేదు, కానీ పని జోరులో ఉన్నప్పుడు ట్యాంక్‌లో గాలి ఇంకా వేడిగానే ఉంటుంది, అది పైపులో వెళ్తూ చల్లారి గన్ దగ్గరికొచ్చేసరికి నీటి చుక్కలుగా మారి పాలిష్ మీద పడుతుంది. వాటర్ ఫిల్టర్‌ని కంప్రెషర్ మూతి దగ్గరే బిగించేవాళ్ళకి పని జరగనిది ఇందుకే, అక్కడ నీళ్ళు ఇంకా ఆవిరిగా ఉండి ఫిల్టర్‌లోంచి దర్జాగా దాటిపోతాయి. ముందు ఎనిమిది పది మీటర్ల పైపు, ఆ తర్వాత ఫిల్టర్, దాని నుంచి గన్‌కి చిన్న పైపు, ఈ వరసలో పెడితే తేడా మొదటి రోజే కనపడుతుంది. సాయంత్రం పని అయ్యాక ట్యాంక్ కింద డ్రెయిన్ తిప్పి నీళ్ళు వదలాలి, గాలి కొంచెం మిగిలి ఉన్నప్పుడు వదిలితే శుభ్రంగా వెళ్తాయి. ఎర్రగా తుప్పు నీళ్ళు వస్తుంటే ట్యాంక్ లోపల తింటోందని అర్థం.

ఇంట్లో కారు, బైకు టైర్లకి తప్ప వేరే పనే లేదంటే ఇదంతా అక్కర్లేదు, ఇన్‌ఫ్లేటర్ తీసుకోండి. చిన్న కారు టైరులో చోటు 30 లీటర్లు, 20 పీఎస్ఐ నుంచి 33కి రావాలంటే 27 లీటర్ల గాలి, రెండు నిమిషాల్లో అయిపోతుంది. బ్యాటరీది తీసుకుంటే ఛార్జ్ చెయ్యడం మర్చిపోయినప్పుడు మోసం చేస్తుంది, కారు 12 వోల్ట్ సాకెట్‌కి పెట్టేది ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది, నేను దానికే ఓటేస్తాను. రిమ్ము నుంచి ఊడిపోయిన ట్యూబ్‌లెస్ టైరుని మాత్రం ఇది కూర్చోబెట్టలేదు, దానికి ఒక్కసారిగా బోలెడు గాలి కావాలి, పంక్చర్ షాపుకి వెళ్ళాల్సిందే.

బ్లో గన్‌తో బట్టల మీద దుమ్ము, ఒంటి మీద రంపపు పొట్టు దులుపుకోవడం ప్రతి సైట్‌లోనూ చూస్తుంటాం. దయచేసి మానండి, పక్కవాళ్ళతో మాన్పించండి. గాయంలోంచో ఇంకో దారిలోనో ఒంట్లోకి గాలి వెళ్తే ప్రాణం పోవచ్చు. తోటి పనివాడి మీద సరదాకి గాలి కొట్టి చంపుకున్న ఘటనలు మన దేశంలో ఎన్నోసార్లు వార్తల్లోకి వచ్చాయి. మెషిన్ దగ్గర పిల్లల్ని రానివ్వద్దు, కళ్ళద్దాలు లేకుండా పిన్ గన్ పట్టొద్దు.

సెకండ్ హ్యాండ్ దొరికితే తీసుకోవచ్చా అంటే తీసుకోవచ్చు, పంపు, మోటర్ ఎంత పాతవైనా బాగవుతాయి, రింగులు, వాల్వ్ ప్లేటు, ప్రెషర్ స్విచ్ దొరికే మోడలైతే చాలు. స్టాప్‌వాచ్ పరీక్ష చెయ్యండి, తర్వాత ఫుల్ ప్రెషర్‌లో స్విచ్ ఆపేసి పావుగంట ఆగి ముల్లు దిగిందేమో చూడండి, సేఫ్టీ వాల్వ్ రింగు లాగితే గాలి వదిలి వెంటనే మూసుకోవాలి. ఆ తర్వాత గాలంతా వదిలేసి ట్యాంక్‌ని పక్కకి వంచి అడుగు భాగం చూడండి. డ్రెయిన్ చుట్టూ కొత్త పెయింట్ కొట్టి ఉన్నా, వెల్డింగ్ మచ్చ కనపడినా బేరం అక్కడితో ఆపెయ్యండి, ఎంత తక్కువకిచ్చినా సరే. లోపల తుప్పు తిన్న రేకుకి బయట పెట్టిన ఆ అతుకు పక్కనే మళ్ళీ చిరుగుతుంది, 8 బార్ నిండి ఉన్న ట్యాంక్ చిరగడమంటే బాంబు పేలినంత పని. మీ సొంత ట్యాంక్‌కి చిల్లు పడినా అంతే, వెల్డింగ్ షాపుకి తీసుకెళ్ళకండి, ట్యాంక్ పాత సామానుకి వేసి పంపు, మోటర్ మాత్రం విప్పుకుని కొత్త ట్యాంక్ మీద బిగించుకోండి.